సారలమ్మ వేయించిన సూది

డాక్టర్ జూహీ దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో సగం మంది చీటీ రాయించుకునేటప్పుడే అబద్ధం చెబుతారు. చెయ్యి దురద అంటారు, మెడ మీద మచ్చ అంటారు. చీటీ రాసే సారలమ్మ తలెత్తి ఒకసారి మొహం చూస్తుంది. "సరే, చెయ్యి దురదనే రాస్త. లోపలికి పోయినంక మాత్రం డాక్టరమ్మకు నిజం చెప్పు. నువ్ సిగ్గుపడితే రోగం సిగ్గుపడి పోదు," అంటుంది. ఆ మాటకు కొందరు నవ్వుతారు, కొందరు ఏడుస్తారు. లేచి వెళ్లిపోయినవాళ్లను మాత్రం నేను చూడలేదు.

గోదావరిఖని లక్ష్మీనగర్‌లో ఒక మందుల దుకాణం మీద ఉంటుంది ఆ చర్మవ్యాధుల దవాఖాన. మోటార్లకు వైండింగ్ చేసే బద్రుద్దీన్ గారి కూతురు జూహీ. ఇక్కడే పుట్టి, ఇక్కడే బడికి పోయి, పెద్ద చదువు చదివి మళ్లీ ఇక్కడికే వచ్చిన డాక్టరు. సారలమ్మ ఆమె దగ్గర పదకొండేళ్లుగా పని చేస్తోంది. చీటీలు రాయడం, పరీక్ష బల్ల దగ్గర లైటు పట్టుకోవడం, బల్ల మీద పడుకున్న ఆడమనిషి చెయ్యి పట్టుకోవడం ఆమె పని. ఈ మూడోది ఎవరూ చెప్పింది కాదు, తనే పెట్టుకున్నది.

నా సంగతీ చెప్పాలి. నా పేరు తిరుమల. ఇక్కడి ఆడపిల్లల హైస్కూల్లో ఇరవై రెండేళ్లు జీవశాస్త్రం చెప్పాను. పువ్వులో పుప్పొడి గురించి గంట మాట్లాడగలను. మనిషి ఒంటి దగ్గరకొచ్చేసరికి "ఇది ఇంటి దగ్గర చదువుకోండమ్మా" అని పేజీ తిప్పేసిన పంతులమ్మల్లో నేనూ ఒకదాన్ని. అందుకే సిగ్గు గురించి ఎవరికీ నీతులు చెప్పే మొహం నాకు లేదు. సారలమ్మకు మాత్రం నన్ను తిట్టే హక్కుంది. తిట్టింది కూడా. ఈ కథ రాయమన్నదీ ఆమే, "పేర్లు దాయకు, దాసి దాసే గింత కత అయింది" అన్నదీ ఆమే.

ఆమె మేడారం సారలమ్మ జాతర ఏట పుట్టింది, అందుకే ఆ పేరు. తండ్రి బొగ్గు బాయిలో తట్ట మోసినవాడు. బావిని బాయి అనడం అంతటా ఉన్నదే కానీ, మా దగ్గర బాయి అంటే నీళ్ల బావి గుర్తుకు రాదు, గనే గుర్తుకొస్తుంది. పద్దెనిమిదో ఏట ఆమెను శ్రీరాంపూర్‌లో పంపు ఆపరేటర్‌గా చేసే ఒకాయనకు ఇచ్చారు. పెళ్లయిన ఏడో నెలలో చెప్పుకోలేని చోట రెండు గింజలు లేచాయి. చెమటకాయలనుకుంది. రెండు నెలలు తిరిగేసరికి అవి కోడిజుట్టులాగా గుత్తులు కట్టాయి. స్నానం దగ్గర అత్తగారి కంటబడ్డాయి.

అత్తగారు ఇక వైద్యుల్ని ఎవర్నీ అడగలేదు. "మా ఇంట్ల లేని రోగం పుట్టింటి నుంచి తెచ్చుకున్నది" అని తేల్చేసింది. ఆ ఇంట్లో ఆ రోగం లేకపోవడమేమిటి, ఉంది. సారలమ్మ మొగుడికి పెళ్లికి ముందు నుంచే ఉంది. మంచిర్యాలలో ఒక డాక్టరు దగ్గర గుట్టుగా ఆ గింజల్ని రెండుసార్లు కాల్పించుకున్నాడు కూడా. కులపెద్దలు కూర్చున్న రోజు ఆ మనిషి నేల చూపులు చూస్తూ కూర్చున్నాడే తప్ప నోరు విప్పలేదు. తప్పు తనదని ఒక్క ముక్క అని ఉంటే సరిపోయేది. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"పిల్ల మంచిది కాదు. ఎందుకని అడగొద్దు," అంది అత్తగారు. ఎవరూ అడగలేదు. సారలమ్మ అన్న కొమురెల్లికి అప్పుడు ఇరవై ఒకటి. తండ్రి ఉద్యోగం కొత్తగా తన పేరు మీదికి వచ్చింది. అతను ఆ పెద్దల ముందు రెండు చేతులూ జోడించి, "తప్పయింది, తీస్కపోత" అని చెల్లెల్ని బస్సెక్కించుకుని వచ్చాడు. ఏం తప్పయిందో అతనికీ తెలియదు. తల్లి ఒక్కతే సారలమ్మను కరీంనగర్ తీసుకుపోయి నాలుగుసార్లు కాల్పించింది. మూడుసార్లు మళ్లీ వచ్చాయి, నాలుగోసారికి పోయాయి. అప్పటికి కాపురం కూడా పోయింది.

ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు ఆమె కంపెనీ క్వార్టర్లలో వంటలు చేసింది, బాలింతలకు నీళ్లు పోసింది. అన్నకు పెళ్లి చేసింది. వదిన ఆడపిల్లను కంటే బొడ్డూడక ముందు నుంచీ ఎత్తుకుని తిరిగింది. ఆ పిల్ల హర్షిణి. మేనత్తను అత్తమ్మ అంటూ కొంగు పట్టుకుని పెరిగింది. అడిగినవాళ్లకు సారలమ్మ "నాకు ఒక బిడ్డ, కన్నది మా వదిన" అని చెప్పేది.

జూహీ దగ్గర చేరిన రెండో నెలలో ఒక కొత్త పెళ్లికూతురిని తల్లి తీసుకొచ్చింది. సారలమ్మ లైటు పట్టుకుంది. అవే గుత్తులు. ఆ పిల్ల తల్లి లోపలే కూతుర్ని కొట్టబోయింది. జూహీ లేచి ఆమె చెయ్యి ఆపింది. "గిది పిల్ల తప్పు కాదమ్మా. ఒక వైరస్ ఉంటది, మొగని నుంచి వచ్చింది. ఆయన్ను గూడ తీస్కరా, ఇద్దరికీ ఇలాజ్ చేద్దాం," అంది. సారలమ్మ లైటు బల్ల మీద పెట్టి బాత్రూములోకి పోయి తలుపేసుకుంది. తన తప్పు కాదన్న మాట వినడానికి ఆమెకు ముప్పై ఏడేళ్లు వచ్చేదాకా పట్టింది. ఎంతసేపు ఏడ్చిందో ఆమెకు గుర్తులేదు. బయటికొచ్చాక మాత్రం డాక్టరమ్మను ఒకటే అడిగింది.

"రాకుంట ఆపనీకి ఏం లేదా?"

"ఉంది. టీకా ఉంది. పెండ్లి కాకముందే, చిన్నప్పుడే ఏయించాలె. గర్భసంచి మూతి కాన్సర్ రాకుంట ఏసే టీకానే గిది. అండ్ల ఈ పులిపిర్లను తెచ్చే రెండు రకాల వైరస్‌కు గూడ మందు ఉంటది."

"ఉంటే మరి గిన్నొద్దులు ఎందుకు చెప్పలె ఎవ్వలికి?" అని సారలమ్మ తన డాక్టరు మీదే గయ్యిమంది. జీతమిచ్చే మనిషిని అలా కసురుకున్న ఆయాను నేను వేరే చూడలేదు. జూహీ కూడా తిట్టించుకుంది.

అప్పటి నుంచి సారలమ్మ నా వెంట పడింది. మా బడిలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు టీకా వేయించాలని ఆమె పట్టు. టీకా ఖర్చు భరించడానికి ఊళ్లో ఒక సేవాసంఘం ఒప్పుకునేసరికి 2019 వచ్చింది. జూహీ ఒక షరతు పెట్టింది. కొన్నేళ్ల కిందట ఖమ్మం వైపు ఈ టీకా కార్యక్రమం మధ్యలో ఆగిపోయింది. తల్లిదండ్రులను సరిగా అడగలేదని పెద్ద గొడవ అయింది. అక్కడ చనిపోయిన కొందరు పిల్లల మరణాలకు టీకా కారణమని తేలకపోయినా, అడగకుండా వేయడం మాత్రం తప్పే. "అమ్మకు, నాయినకు అన్నీ చెప్పి, దస్కత్ తీస్కున్నంకనే సూది," అంది జూహీ.

ఆ సంతకాల కోసం కాగితం తయారు చేసే పని నా మీద పడింది. అక్కడ చేశాను నా జీవితంలోకెల్లా తెలివితక్కువ పని. కాగితం నెత్తిన పెద్ద అక్షరాలతో "మెడికల్ ఫారం" అని కొట్టించాను. బడి రిజిస్టర్లో ఎట్లాగూ ఉంటుంది కదా అని తండ్రి ఎంప్లాయ్ నంబరుకు ఒక గడి కూడా పెట్టాను.

వేరే ఊళ్లో అయితే ఇది ఎవరికీ పట్టేది కాదు. బొగ్గు బాయిల ఊళ్లో మెడికల్ అంటే ఒక్కటే అర్థం, మెడికల్ బోర్డు. పనికి ఫిట్టా, అన్‌ఫిట్టా అని అది తేలుస్తుంది. తండ్రి అన్‌ఫిట్ అయితే బిడ్డకు ఉద్యోగం, బిడ్డ అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం గల్లంతు. కూతుళ్లకు కూడా తండ్రి కొలువు ఇస్తారన్న మాట వినబడుతున్న రోజులవి. మెడికల్ ఫారం, దాని కింద రోగం పేరు, ఆ కింద ఎంప్లాయ్ నంబరు. చూసినవాళ్లందరూ ఒకటే అనుకున్నారు. ఇది కంపెనీ ఫైల్లోకి పోతుంది, రేపు పిల్ల బోర్డు ముందుకు పోయిన రోజు తీస్తారు, "నీకు ఫలానా రోగానికి సూది వేసిన్రు, నువ్ అన్‌ఫిట్" అంటారు.

అరవై రెండు ఫారాలు పంపితే మొదటి వారంలో సంతకంతో వచ్చినవి నాలుగు. హర్షిణిది ఖాళీగా వచ్చింది. కొమురెల్లి అప్పటికి వాళ్ల బాయి మీద యూనియన్ పిట్ సెక్రటరీ, నలుగురూ మాట వినే మనిషి. అతనే తన బిడ్డకు వద్దన్నాడంటే ఇంకెవరు ముందుకొస్తారు?

"చదువు చెప్పెటోళ్లు గింత తెలివి లేకుంట ఎట్ల ఉంటరు?" అని సారలమ్మ నన్ను దులిపేసింది. నేను పడ్డాను. ఫారాలు చింపేసి, పైన "టీకా ఒప్పుకోలు" అని, కింద పిల్ల పేరు, తల్లిదండ్రుల సంతకాలు తప్ప ఇంకేమీ లేకుండా కొత్తవి కొట్టించాను. మొదటి షిఫ్టు దిగి కొమురెల్లి ఇంటికొచ్చే వేళకు సారలమ్మ నన్ను వెంటేసుకుని అతని క్వార్టరుకు పోయింది.

కొమురెల్లి పని బాయి లోపల పైకప్పుకు దిమ్మెలు నిలబెట్టడం. స్నానం చేసి అన్నానికి కూర్చున్నాడు.

"నా బిడ్డకు ఏం రోగమున్నదని సూది?" అన్నాడు. "పోయినసారి కాయితంల నంబరెందుకు అడిగిన్రు? గది చెప్పున్రి ముందు."

"నా బుద్ధి గడ్డి తిని," అన్నాను. అతను నమ్మలేదు.

సారలమ్మ అందుకుంది. "అన్నా, బాయిల నువ్ దిమ్మె ఎప్పుడు పెడ్తవ్? కప్పు కూలినంకనా?"

"కూలినంక ఎవనికి పెడ్తరే?"

"మంచిగున్న కప్పుకు పెడ్తున్నవు గద. అట్లని కప్పు ఖరాబైందని ఎవడన్న అంటున్నడా?"

"గది బాయి, గిది ఆడిపిల్ల. పెండ్లి కావాల్సిన పిల్లకు గసొంటి రోగం సూది అంటే నలుగురు ఏమనుకుంటరు?"

అంత చక్కటి పోలిక వృథా అయిందే అని నేను నీరుగారిపోయాను. నిజం చెప్పాలంటే పోలికలతో మనుషులు మారరు. సారలమ్మ లేచి తలుపు దగ్గరికేసింది. నేను లేవబోతే "నువ్ కూసో టీచరమ్మా, నువ్ గూడ ఇను" అంది.

"శ్రీరాంపూర్ నుంచి నన్ను ఎందుకు పంపిన్రో నువ్ ఇరవై రెండేండ్ల సంది అడగలె. నేను చెప్పలె. గీ రోగమే అన్నా. ఆయనకున్నది, నాకు అంటిచ్చిండు. అమ్మ నన్ను కరీంనగర్ తీస్కపోయి కాల్పిచ్చింది. నాలుగుసార్లు కాల్చిన్రు. నువ్ నేను తప్పు చేసిన్ననుకున్నవ్. అనుకో అని ఊకున్న. ఇప్పుడు నా బిడ్డకు గట్ల కావద్దు. నువ్ దస్కత్ పెట్టకుంటే నేను గీడనే కూసుంట, లెవ్వ."

కొమురెల్లి చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"నేను వాళ్లకు దండం పెట్టిన్నే," అన్నాడు.

"అవ్, పెట్టినవ్."

అతను అన్నం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, కొత్త కాగితం మీద సంతకం చేశాడు. యాభై మంది కూలీలను ఒక్క కేకతో ఆపగలిగిన మనిషి ఆ మధ్యాహ్నం చెల్లెలి ముందు ఏడ్చాడు. ఏడ్చినందుకు సిగ్గుపడలేదు, అది నాకు నచ్చింది.

మర్నాడు మొదటి షిఫ్టుకు ముందు బాయి మీద గేట్ మీటింగ్ ఉంది. డ్యూటీ ఎక్కేవాళ్లందరినీ గేటు దగ్గర నిలిపి యూనియన్ వాళ్లు మాట్లాడే మీటింగు. బోనస్ గురించో బదిలీల గురించో అనుకుని అందరూ నిలబడ్డారు. కొమురెల్లి మైకు పట్టుకుని చెమటలు కక్కాడు. "మన ఆడిపిల్లలకు... కింద... కింద వచ్చే పులిపిర్లు..." అని ఆగిపోయాడు. వచ్చే నెల రిటైరయ్యే సదయ్య కాక వెనక నుంచి, "కింద అంటే ఎన్నో లెవలురా? మన సెక్షన్ల ఎక్కడ లేవు గద!" అన్నాడు. బాయిలో ఒకదాని కిందొకటి ఉండే దారుల్ని లెవళ్లంటారు, గేటంతా గొల్లుమంది. ఆ నవ్వుతోనే కొమురెల్లి నోరు పెగిలింది. టీకా సంగతి చెప్పాడు. ఆ కాగితం కంపెనీకి పోదని యూనియన్ పేరు మీద హామీ ఇచ్చాడు. "నా బిడ్డకు ఏపిస్తున్న. నాకు ఒక్కతే బిడ్డ," అని ముగించాడు. చెల్లెలి సంగతి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

అరవై రెండు మందిలో యాభై ఎనిమిది మంది వేయించుకున్నారు. మొదటి డోసు ఆగస్టులో, రెండోది ఫిబ్రవరిలో. మార్చిలో కరోనా వచ్చి బడికే తాళం పడింది. ఒక్క నెల అటూ ఇటూ అయి ఉంటే రెండో డోసు ఎక్కడ తప్పిపోయేదో.

కాలం గిర్రున తిరిగింది. హర్షిణి డిగ్రీలో ఉండగానే మంచిర్యాల సంబంధం వచ్చింది. పిల్లవాడు రుత్విక్, రామగుండం కరెంటు ప్లాంటులో టెక్నీషియన్. ఇద్దరూ మాట్లాడుకుని ఇష్టపడే చేసుకున్నారు. నిరుడు మాఘంలో పెళ్లి. సారలమ్మ నిలబడి నడిపించింది.

ఆగస్టులో ఒక రోజు మధ్యాహ్నం దవాఖానలో జనం పలచబడ్డాక మాస్కు పెట్టుకుని ఒక యువకుడు చీటీకి వచ్చాడు. సారలమ్మ తలెత్తింది. మాస్కు కళ్లను దాచదు కదా. రుత్విక్. అతను గిరుక్కున తిరిగి మెట్ల వైపు నడిచాడు. ఆమె లేచి మణికట్టు పట్టుకుంది.

"కూసో. ఉరికితే ఎక్కడిదాక ఉరుకుతవ్?"

జూహీ చూసింది. అవే. పెళ్లికి ముందు హైదరాబాద్‌లో ట్రైనింగులో ఉన్నప్పటి తెలివిమాలిన స్నేహమొకటి. అప్పుడు అంటిన వైరస్ నెలల తరబడి అణిగి ఉండి ఇప్పుడు బయటపడింది. "మీ ఆమెకు నువ్వే చెప్పాలె. చెప్పి తీస్కరావాలె. ఇక్కడి నుంచి ఒక్క మాట బయటికి పోదు," అంది జూహీ, సారలమ్మ వైపు చూస్తూ. సారలమ్మ తల ఊపింది.

ఆ తల ఊపడం ఎంత కష్టమో నాకు తర్వాత తెలిసింది. మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చింది. చాయ్ ఇస్తే తాగలేదు. ఏమైందంటే చెప్పలేదు.

"టీచరమ్మా, గా సూది నిజంగ పని చేస్తదా? నీ పుస్తకాలల్ల ఏమున్నది, ఉన్నదున్నట్టు చెప్పు."

నాకు తెలిసింది చెప్పాను. ఈ పులిపిర్లలో పదింట తొమ్మిది రెండు రకాల వైరస్ వల్లే వస్తాయి, ఆ రెండూ ఆ టీకాలో ఉన్నాయి. ఆస్ట్రేలియాలో బడిపిల్లలకు వేయడం మొదలుపెట్టిన నాలుగైదేళ్లకే ఆ వయసు అమ్మాయిల్లో ఈ రోగం పదింట తొమ్మిది వంతులకు పైగా తగ్గిపోయింది. టీకా వేయించుకోని మగపిల్లల్లో కూడా తగ్గింది, అంటించేవాళ్లే తగ్గిపోయారు కాబట్టి.

"పదింట్ల తొమ్మిది అంటివి," అంది సారలమ్మ. "మరి పదోది?"

నేను పుస్తకం తియ్యబోయాను. ఆమె చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆమె హర్షిణి గురించి భయపడుతోందని నాకు తట్టనే లేదు.

రుత్విక్ మూడు రోజులు తీసుకున్నాడు. మూడో రోజు చెప్పాడు. హర్షిణి రెండు రోజులు అతనితో మాట్లాడలేదట, ఒక గ్లాసు కూడా విసిరిందట. మంచి పనే చేసింది. ఐదో రోజు ఇద్దరూ వచ్చారు. హర్షిణి బల్ల మీద పడుకుంది. సారలమ్మ లైటు పట్టుకుంది. జూహీ తొందరపడలేదు. వెతికి వెతికి చూసింది.

"ఏం లేవు. సాఫ్ ఉంది," అంది. వెంటనే వేలెత్తి హెచ్చరించింది. "ఖుషీ కావద్దు అప్పుడే. అంటినంక బయటపడనీకి నెలలు పడ్తది. రెండు నెలలకు రా, మళ్ల ఆరు నెలలకు రా. గప్పుడు మాట్లాడుదాం."

రెండు నెలలకు వచ్చింది. లేవు. ఈలోగా రుత్విక్ తల్లికి ఇంట్లో అతని పూతమందు ట్యూబు దొరికింది. ఆమె పాతకాలపు మనిషి, పాత మాటే అంది. "మా ఇంట్ల లేని రోగం, పిల్ల తెచ్చిందా ఏంది?" హర్షిణి నోరు తెరిచేలోపే రుత్విక్ అన్నాడట, "నాకే వచ్చిందమ్మా, నా తప్పుకే వచ్చింది. దానికి లేదు. అది చిన్నప్పుడే సూది ఏయించుకున్నది." ఆ కుర్రాడి మీద నాకున్న కోపం ఆ ఒక్క మాటతో సగం దిగింది. మిగతా సగం సారలమ్మ దగ్గర భద్రంగా ఉంది, అతను కనబడ్డప్పుడల్లా కొంచెం కొంచెం ఖర్చు పెడుతోంది.

ఆరు నెలల పరీక్ష ఈ ఫిబ్రవరిలో పడింది. ఆ రోజు నన్నూ రమ్మంది హర్షిణి. నా శిష్యురాలే కదా, అప్పటికి తనే అంతా చెప్పేసింది. బయట హాల్లో నేను, రుత్విక్, అతని తల్లి, పన్నెండేళ్ల చెల్లెలు సహస్ర కూర్చున్నాం. చుట్టూ పదిహేను మంది దాకా ఆడవాళ్లు, ఎవరి ముసుగులో వాళ్లు. రుత్విక్ గోళ్లు కొరుకుతున్నాడు. అతని తల్లి దేవుళ్ల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటోంది. పదో వంతు గురించిన ప్రశ్న నా తలలోనూ తిరుగుతూనే ఉంది.

లోపల జరిగింది తర్వాత సారలమ్మ చెప్పింది. జూహీ ఈసారి భూతద్దం పెట్టి మరీ చూసింది. లేచి చేతుల తొడుగులు తీసి, "అయిపోయింది. మొగనికి ఉండి గూడ పిల్లకు అంటలె. టీకా నిలబడ్డది," అంది. ముప్పై ఏళ్లు దాటాక గర్భసంచి మూతి పరీక్ష మానొద్దని, టీకా ఉందని అన్నిటికీ ధీమా పనికిరాదని కూడా చెప్పింది. ఆ తర్వాత కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. "సారలమ్మా, గా యాభై ఎనిమిది మంది ఆడిపిల్లలల్ల పద్దెనిమిది మందికి పెండ్లిళ్లయినయ్. ఒక్కతె గూడ దీనికోసం నా మెట్లెక్కలె. నాది చిన్న దవాఖాన, దీన్ని లెక్క అనరు. పెద్ద లెక్కలు పెద్ద దేశాలు చేసినయ్. అయినా నాకు సంబురం కాదా?"

సారలమ్మ కళ్ల నుంచి ధారలు.

"ఏం లేదన్నది గద అత్తమ్మా, ఎందుకు ఏడుస్తున్నవ్?" అంది హర్షిణి.

అప్పుడు చెప్పింది సారలమ్మ. అన్నకు, నాకు తప్ప ఎవరికీ చెప్పనిది. "నీ ఈడుకు నాకు గివే వచ్చినయ్ బిడ్డా. నా కాపురం దీంతోనే పోయింది. నీకు రాలె. నాకు వచ్చింది నీకు రాలె," అని అదే మాట మళ్లీ మళ్లీ అంది. హర్షిణి బల్ల దిగి మేనత్తను రెండు చేతులా పట్టుకుంది. తన పెళ్లి ఎందుకు నిలబడిందో, అత్తమ్మ పెళ్లి ఎందుకు నిలబడలేదో ఆ పిల్లకు ఆ నిమిషంలో తెలిసింది.

తెర జరిపి హర్షిణి బయటికొచ్చింది. మొహం కడుక్కోలేదు, ఏడ్చిన గుర్తులున్నాయి. రుత్విక్ తల్లి గుండె పట్టుకుని లేచింది. "ఏమన్నది?" అంది గుసగుసగా.

హర్షిణి గుసగుసగా చెప్పలేదు. క్లాసులో పాఠం అప్పజెప్పినట్టు, మూలన కూర్చున్నవాళ్లకు కూడా వినబడేలా, "పులిపిర్లు లేవు. నాకు రాలె. తొమ్మిదో తరగతిల ఏసిన సూది ఆపింది," అంది.

రుత్విక్ తల వంచుకున్నాడు కానీ లేచి పోలేదు. అతని తల్లి చుట్టూ ఒకసారి చూసింది, కోడలి చెయ్యి పట్టుకుంది, సహస్రను ముందుకు నెట్టింది. "వదినా, మా పిల్లకు గూడ రాసుకో," అంది, హర్షిణి వెనకే బయటికొచ్చిన సారలమ్మతో.

సారలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ చీటీల బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. సహస్ర పేరు రాస్తోంది. కిటికీ పక్కన తల నిండా ముసుగు కప్పుకున్న ఒకామె, వచ్చిన దగ్గర నుంచి గోడ వైపే తిరిగి కూర్చున్న మనిషి, ముసుగు వెనక్కి తోసి లేచింది.

"అక్కా, నాకు ఎట్లాగూ వచ్చినయ్," అంది. గొంతు దాచుకోలేదు. "నా బిడ్డకు ఏస్తరా గా సూది?"

సారలమ్మ ఇంకో చీటీ తీసుకుంది.

"ఎన్నేండ్లు పిల్లకు?"